‘స్త్రీ’ని అస్థిరపరచినదెవరు? ఖండన సిద్ధాంత వివాదంపై ఒక పరిశీలన

2015లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో రాజనీతిశాస్త్రవేత్త నివేదిత మేనన్ ప్రచురించిన వ్యాసం ఇంటర్‌సెక్షనాలిటీ అనే భావన భారతదేశానికి అవసరమా అని ప్రశ్నించింది. అదే సంవత్సరం మేరీ ఇ. జాన్ ఆ పత్రికలోనే దానికి సమాధానమిచ్చారు. మన విశ్వవిద్యాలయాల్లో జెండర్ అధ్యయనాల పాఠ్యప్రణాళికలు ఈ భావనను దాదాపు నిర్వివాదంగా స్వీకరించాయి కనుక, ఆ వాదాన్ని తెలుగు ప్రాంతపు ఆధారాలతో పరీక్షించడం అవసరం.

ముందుగా మాట సంగతి. గణితంలో ‘ఖండన బిందువు’ అని వాడుతున్నాం కాబట్టి దీనిని ‘ఖండన సిద్ధాంతం’ అనడం పరిపాటి అయింది. సాహిత్య విద్యార్థికి మాత్రం ఖండన అంటే ముందు స్ఫురించేది పరమత ఖండనమే. కింబర్లీ క్రెన్షా 1989లో వాడిన ఉపమానం నాలుగు వైపుల నుంచీ వాహనాలు వచ్చే కూడలి. ఆమె చర్చించిన వ్యాజ్యాల్లో ఒకటి జనరల్ మోటార్స్ సంస్థపై అయిదుగురు నల్లజాతి స్త్రీలు వేసినది. సంస్థ స్త్రీలను నియమించింది, వారు తెల్లవారు. నల్లవారినీ నియమించింది, వారు పురుషులు. లింగ వివక్ష, జాతి వివక్ష అనే రెండు ఫిర్యాదులను కలిపి వినడానికి 1976లో న్యాయస్థానం నిరాకరించింది. ఇక్కడ విషయం గుర్తింపుల కూడిక కాదు. చట్టపు వర్గీకరణలో ఒక సమూహం కనబడకుండా పోవడం.

మేనన్ అభ్యంతరంలో బలమైన భాగం ఈ కూడికకు సంబంధించినదే. ఈ భావన పాలనాయంత్రాంగాల చేతుల్లో లబ్ధిదారుల జాబితాగా మారుతుందన్న ఆమె హెచ్చరిక సరైనది. మన సిద్ధాంత గ్రంథాల్లో ‘స్త్రీ’, ‘దళితులు’, ‘మైనారిటీలు’ అంటూ అధ్యాయాలు విభజించి, చివర ‘దళిత స్త్రీ’కి నాలుగు పుటలు కేటాయించే పద్ధతి కూడా అటువంటి జాబితాయే. ఈ లోపానికి నా పరిశోధనా అతీతం కాదు.

ఆమె రెండవ వాదం అంత నిలకడైనది కాదు. కులం, మతసముదాయం, లైంగికత అనే రాజకీయాల వల్ల ఇక్కడి స్త్రీవాదంలో ‘స్త్రీ’ అనే కర్త ముందే అస్థిరపడిందనీ, కనుక కొత్త పేరు అక్కరలేదనీ ఆమె వాదం. ‘అస్థిరపడింది’ అన్న క్రియలో కర్త లేడు. అస్థిరపరచినవారెవరు? గోపాల్ గురు 1995లోను, షర్మిలా రేగే 1998లోను దళిత స్త్రీల భిన్న స్వరం గురించి రాయవలసి రావడమే ఆ పని సులభంగా జరగలేదనడానికి ఆధారం. 1996 నాటి మహిళా రిజర్వేషన్ బిల్లులో వెనుకబడిన తరగతుల స్త్రీల ఉపకోటా డిమాండును అనేకులు బిల్లును అడ్డుకునే ఎత్తుగడగానే చూశారు. ఆ డిమాండును తీవ్రంగా పరిగణించాలని మేనన్ స్వయంగా 2000లో వాదించారన్నది నిజం. అయినా 2023 నాటి 106వ రాజ్యాంగ సవరణలో షెడ్యూల్డు కులాలు, తెగల స్థానాల్లో స్త్రీలకు మూడో వంతు ఉంది. వెనుకబడిన తరగతుల స్త్రీలకు ప్రత్యేక కోటా లేదు. సిద్ధాంతంలో అస్థిరపడిన ‘స్త్రీ’ శాసనంలో స్థిరంగానే ఉంది.

కారంచేడు దీనికి మరింత దగ్గరి ఉదాహరణ. 1985 జూలై 17 నాటి హత్యాకాండకు ముందురోజు ఘర్షణ మొదలైనది మంచినీటి చెరువు వద్ద. తాగే నీరు మురికి కావడాన్ని ప్రశ్నించినందుకు జరిగిన దాడిని ఒక మాదిగ స్త్రీ నీళ్ల బిందె ఎత్తి ఎదిరించింది. రాజకీయ అధ్యయనాలు కారంచేడును భూస్వామ్యం, వ్యవసాయ పెట్టుబడి, ప్రాంతీయ పార్టీ అధికారం, దళిత మహాసభ ఆవిర్భావం అనే వరుసలో చదివాయి. ఆ పఠనం తప్పు కాదు. కానీ బిందె అందులో ఒక సంఘటనగా మిగిలింది, విశ్లేషణాంశం కాలేదు. నీరు మోయడం స్త్రీ పని కావడం, ఆ నీటిపై హక్కు కులాన్ని బట్టి ఉండడం అన్న రెండూ ఒకే చేతిలో కలిసినచోటు అది. 1921 నుంచి 2002 వరకు దళిత స్త్రీల సాహిత్యాన్ని సంకలనం చేసిన గోగు శ్యామల ‘నల్లపొద్దు’ 2003లో గాని రాలేదన్నది కూడా గమనించాలి.

లైంగికత విషయంలో మన మౌనం మరీ ఎక్కువ. హైదరాబాద్ సంస్థానంలో 1329 ఫసలీ, అనగా 1919 నాటి చట్టం, ‘నపుంసకులు’గా తాను పేర్కొన్నవారి పేర్లతో రిజిస్టరు నిర్వహించమన్నది, వారు స్త్రీ వేషంలో బహిరంగంగా కనిపించినా, ఆడినా పాడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చన్నది. బ్రిటిషు ఇండియాలో 1871 నాటి నేరస్థ జాతుల చట్టానికి ఇది పోలిక గలది. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో దీనిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. అదే తీర్పులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఆసరా పింఛను వర్తింపజేయమని ఆదేశించింది. దేహం, వేషం, జీవనోపాధి అనే మూడింటినీ ఆ చట్టం విడదీయకుండానే నేరం చేసింది. తీర్పు కూడా వాటిని విడదీయలేదు. ఇంటర్‌సెక్షనాలిటీ పరాయి సరుకన్న వాదానికి ఇది ఇబ్బంది కలిగించే ఆధారం. భావన అమెరికాది కావచ్చు. చట్టం మాత్రం మన నగరానిదే.

అయినా హైదరాబాద్ సంస్థాన రాజకీయ చరిత్రను ముల్కీ ఉద్యమం, ఆంధ్ర మహాసభ, సాయుధ పోరాటం అనే క్రమంలో బోధిస్తున్నాం. 1919 నాటి ఈ చట్టాన్ని అందులో ఏ అధ్యాయం కింద చేర్చాలో ఆ క్రమం చెప్పదు.