బోనులో పడని ఎలుక లెక్క

22.4 శాతం. కౌపాక్స్ వైరస్ సోకిన వోల్ మరుసటి నెలదాకా బతికి ఉండే అవకాశం, సోకని దానికంటే ఇంత తక్కువని 2008లో ‘జర్నల్ ఆఫ్ యానిమల్ ఎకాలజీ’లో సారా బర్త్, సాండ్రా టెల్ఫర్, మైకేల్ బెగన్, వాళ్ల సహచరులు రాశారు. అచ్చులో ఒక్క వాక్యం. ఆ దశాంశం ఎలా పుట్టిందో ఒక్కో మెట్టూ దిగి చూస్తే మాత్రం, పని చేసినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది. గడ్డిలో చచ్చిన వోల్ శవం ఎవరికి దొరుకుతుంది? గుడ్లగూబ ఎత్తుకుపోతుంది, లేదా అక్కడే మట్టయిపోతుంది. చావుల్ని లెక్కపెట్టే వీలే లేనిచోట, మళ్లీ కనబడకపోవడాన్ని లెక్కపెట్టి ఈ అంకె తీశారు.

వోల్ మనవైపు లేని జంతువు. ఎలుకకు బంధువే. ముక్కు మొద్దుగా, తోక పొట్టిగా, చెవులు బొచ్చులో సగం దాగి ఉంటాయి. ఫీల్డ్ వోల్ అనే రకం పచ్చగడ్డి మీద బతుకుతుంది; బరువు మామూలుగా ఇరవై నుంచి నలభై గ్రాములు. ఐరోపాలో కౌపాక్స్ వైరస్ అసలు కాపురం వోల్‌లలోనూ అడవి చిట్టెలుకల్లోనూ. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ పాలు పితికే అమ్మాయి చేతి పొక్కు నుంచి తీసి టీకా వేసినప్పటి నుంచీ ఆవు పేరే దీనికి నిలిచిపోయింది గాని, ఆవులకు ఇది సోకడం అరుదు. ఎలుకల్ని వేటాడే పెంపుడు పిల్లులకు, వాటి నుంచి ఎప్పుడైనా మనుషులకు అంటుకుంటుంది.

వైరస్‌ను మోసే ఎలుకకు ఆ వైరస్ వల్ల ఏమీ కాదని చాలాకాలం అనుకున్నారు. తరతరాలుగా కలిసి బతుకుతున్నవి కదా, సర్దుకుపోయి ఉంటాయిలే అని. పంజరంలో చూస్తే అలాగే అనిపిస్తుంది మరి. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో పెంచిన వోల్‌లకు, చిట్టెలుకలకు వైరస్ ఎక్కిస్తే అవి చావలేదు, జబ్బుపడ్డట్టు కూడా కనిపించలేదు. అయితే అక్కడితో ఫైలు మూసేయకుండా అవి ఎప్పుడు ఈనుతున్నాయో కూడా రాసిపెట్టుకున్నారు. 1997లో ఫియోర్, సహచరులు ప్రచురించిన ఫలితం ప్రకారం వైరస్ సోకిన జంటలకు తొలి కాన్పు ఇరవై నుంచి ముప్పై రోజులు ఆలస్యమైంది. మనకు నెల రోజులంటే ఏముంది! బయట కొన్ని నెలలు బతికితే గొప్పయిన జీవికి అది సంతానయోగ్యమైన కాలంలో పెద్ద ముక్కే. పైగా పంజరంలో గుడ్లగూబ ఉండదు, చలి ఉండదు, మేత వేళకు వస్తుంది. కాస్త నీరసించినా బతుకు గడిచిపోతుంది. అసలు ఖరీదు తెలియాలంటే బయటికే వెళ్లాలి.

బర్త్ బృందం వెళ్లింది ఇంగ్లండ్ ఉత్తర కొసన, స్కాట్లండ్ సరిహద్దు పక్కనున్న కీల్డర్ అడవికి. కలప కోసం మనుషులు నాటిన అడవి అది, ఎక్కువగా సిట్కా స్ప్రూస్ చెట్లు. చెట్లు కొట్టేసినచోట గడ్డి ఏపుగా లేచి వోల్‌లకు ఊళ్లవుతుంది. అలాంటి నాలుగు చోట్ల, ఒక్కొక్క చోట 0.3 హెక్టారులో నూరేసి ఉగ్లాన్ బోనులు వరసలుగా పెట్టారు. ఇవి ఎలుకను చంపని బోనులు. లోపల గోధుమ గింజలు, కారెట్ వేస్తారు. మార్చి నుంచి నవంబరు దాకా ఇరవై ఎనిమిది రోజులకోసారి, చలికాలంలో యాభై ఆరు రోజులకోసారి పట్టేవారు. పట్టే రోజుల్లో తెల్లవారుజామునా సాయంత్రమూ ప్రతి బోనూ తెరిచి చూడాలి, ఎందుకంటే ఇంత చిన్న ప్రాణి మేత లేకుండా ఎక్కువసేపు తాళలేదు. బోనులోనే చస్తే ప్రయోగం తన జవాబును తనే పాడుచేసుకున్నట్టు. దొరికిన వోల్‌ను తూచి, ఆడో మగో చూసి, చర్మం కింద మైక్రోచిప్ పెట్టి, తోక కొస నుంచి ఒక్క చుక్క రక్తం తీసి, పట్టిన చోటే వదిలిపెడతారు. వానలో, మంచులో, అదే వరసలో, అదే తేదీకి. నాకు ఈ పనిలో అన్నిటికంటే నచ్చింది ఈ విసుగులేనితనం. తర్వాత వచ్చే గణితమంతా దీని మీద నిలబడేదే.

ఇక ఆ గణితం. ప్రతి వోల్‌కీ నెలనెలా దొరికిందా లేదా అని ఒక వరస తయారవుతుంది. దాన్ని బడిలో హాజరు పట్టీ అనుకోండి. ఒక వోల్ మార్చిలో ఉంది, ఏప్రిల్‌లో లేదు, మేలో ఉంది, జూన్ నుంచి ఇక లేదు. ఏప్రిల్‌లో అది బతికే ఉందని మనకు రూఢిగా తెలుసు, మేలో మళ్లీ వచ్చింది కాబట్టి. అంటే ఏప్రిల్ గైర్హాజరు చావు వల్ల కాదు, బోను దగ్గరికి రాకపోవడం వల్ల. ఇలాంటి మధ్య ఖాళీలన్నీ కలిపి చూస్తే, బతికున్న వోల్ ఒక నెలలో దొరక్కుండా తప్పించుకునే అవకాశం ఎంతో తేలుతుంది. అది తేలాక జూన్ తర్వాతి ఖాళీల్లో ఎంతభాగం తప్పించుకోవడం, ఎంతభాగం శాశ్వతంగా పోవడం అని విడదీయవచ్చు. కార్మాక్, జాలీ, సీబర్ అనే ముగ్గురు గణాంకవేత్తలు 1964, 65లలో వేరువేరుగా వేసిన బాట ఇది. బోనులో పడని ఎలుక గురించి బోనులో పడ్డ ఎలుకల చేత చెప్పించడం! శాశ్వతంగా పోయిందంటే చచ్చిందా, పొలిమేర దాటి వలస పోయిందా అన్నది మాత్రం ఈ లెక్కకు అందదు.

జబ్బు ఎప్పుడు సోకిందో తెలుసుకోవడం ఇంకో చిక్కుముడి. రక్తపు చుక్కలో చూసేది వైరస్‌ను కాదు, దాని మీదికి ఒంట్లో తయారైన యాంటీబాడీలను. అవి సోకిన రెండు వారాలకు గాని కనబడవు. వైరస్ ఒంట్లో ఉండేది దాదాపు నాలుగు వారాలు. ఆ తర్వాతా యాంటీబాడీలు మిగిలే ఉంటాయి. కాబట్టి పాజిటివ్ అన్నంత మాత్రాన ఇప్పుడు జబ్బుతో ఉన్నట్టు కాదు. పోయిన నెల నెగటివ్, ఈ నెల పాజిటివ్ అయితే సోకిన సమయాన్ని బాగా దగ్గరగా పట్టవచ్చు. మధ్యలో ఒక నెల దొరక్కపోతే? మామూలుగా అయితే అలాంటి వోల్‌ను పక్కన పెట్టేస్తారు. వీళ్లు పక్కన పెట్టలేదు. అవునూ కాదూ అన్న రెండు గళ్ల బదులు, ఆ నెలలో దానికి జబ్బు ఉండే సంభావ్యత ఎంత అని సున్నాకూ ఒకటికీ మధ్య ఒక విలువ ఇచ్చారు. ఖాయంగా ఉన్నదానికి ఒకటి, సగం నమ్మకమైతే అర. ఆ అర దగ్గర మనుగడ తగ్గింది 10.4 శాతం, ఒకటి దగ్గర 22.4 శాతం. తెలియనిదాన్ని దాచకుండా, అలాగని పారేయకుండా, దాని బరువుకు తగ్గట్టు వాడుకున్నారు.

అయినా ఒక సందు ఉండనే ఉంది. సోకిన పది రోజులకే చచ్చిపోయిన వోల్ పాజిటివ్‌గా ఎప్పటికీ తేలదు; ఆరోగ్యవంతుల ఖాతాలోనే చచ్చిపోతుంది. ఇలాంటివి ఎక్కువైతే ఆ ఖాతా నిజంగా ఉన్నదానికంటే బలహీనంగా కనబడి, రెండింటి మధ్య తేడా తగ్గుతుంది. అసలు నష్టం లెక్కలో కనబడినదానికంటే ఎక్కువే కావచ్చని అందుకే నాకనిపిస్తుంది.

ఇంకో అనుమానం చదువరికి రావాల్సిందే: జబ్బు వల్ల నీరసించిందా, నీరసంగా ఉన్నదానికే జబ్బు సోకిందా? ముందు రుతువు, స్థలం లాంటి, మనుగడను మార్చే ఇతర కారణాలన్నీ లెక్కలోకి తీసుకుని, అవి పోగా జబ్బు చెప్పేది ఏమైనా మిగులుతుందా అని చూశారు. మిగిలింది. అయితే ఇదే కీల్డర్ వోల్‌ల రక్తకణాలను పరిశీలించిన పాబ్లో బెల్డొమెనికో బృందం రెండు ప్రశ్నలకూ అవునన్న జవాబే తెచ్చింది. రక్తం పలచబడ్డ, రోగనిరోధక కణాలు తగ్గిన వోల్‌లకు జబ్బు సోకే అవకాశం ఎక్కువ. సోకాక అవి ఇంకా దిగజారతాయి. ఒకటి రెండోదాన్ని తిప్పే విషచక్రం.

ఒక్కొక్క వోల్ సంగతి అలా ఉంచి, గుంపుకు ఏమవుతుంది? ప్రజననకాలంలో ఇరవై ఎనిమిది రోజులకు నూరు వోల్‌లు, జబ్బే లేకపోతే 162 అవుతాయని, 71 శాతం వోల్‌లకు జబ్బు తగిలితే 153 అవుతాయని బర్త్ బృందం నమూనా చెప్పింది. తొమ్మిదే తేడా. కాగితం తీసుకుని ఆరుసార్లు హెచ్చించి చూడండి: మొదటిది 1,800 దాటుతుంది, రెండోది 1,280 దగ్గర ఆగుతుంది. కీల్డర్ వోల్‌లు మూడు నాలుగేళ్లకోసారి విపరీతంగా పెరిగి కూలిపోతుంటాయి కాబట్టి ఈ తేడా ముఖ్యం. ఆ ఆటుపోట్లకు వీజిల్ అనే చిన్న మాంసాహారి కారణమన్న వాదన ఉండేది. ఇస్లా గ్రాహం, జేవియర్ లాంబిన్ ఆ అడవిలోనే కొన్నిచోట్ల వీజిల్‌లను పట్టి తీసేసి చూస్తే చక్రం ఆగలేదని 2002లో తేలింది. అప్పుడు చూపు జబ్బు మీదికి మళ్లింది. కౌపాక్స్ వోల్‌ల సంఖ్యను కొన్ని నెలలు వెనకబడి అనుసరిస్తుంది. చక్రం తిరగడానికి అలాంటి ఆలస్యమే కావాలి. అంతమాత్రాన చక్రానికి ఇదే కారణమని బర్త్ బృందం అనలేదు.

అన్నిచోట్లా ఇదే కథ అనుకునేరు. లివర్‌పూల్ పక్కనున్న విరల్ ద్వీపకల్పపు అడవుల్లో, వేరే జాతి వోల్‌లూ చిట్టెలుకలూ ఉన్నచోట, టెల్ఫర్ బృందం 2002లో తేల్చింది తలకిందుల విషయం: వైరస్‌తో పాటు మనుగడ కొన్నిసార్లు తగ్గింది, కొన్నిసార్లు పెరిగింది కూడా. చలికాలం నష్టం, వేసవిలో లాభంలా కనిపించింది. సోకిన లేత వయసు ఆడవి ఎదకు రావడం వాయిదా వేస్తాయని, చాలాసార్లు మరుసటి ఏటిదాకా ఆగుతాయని 2005లో చూపించారు. పిల్లల్ని కని పాలిచ్చే శ్రమ తప్పితే తల్లి ప్రాణం నిలుస్తుంది. పంజరంలో కనబడ్డ ఆ నెల ఆలస్యం అడవిలో ఇలా అర్థమైంది. వేరే వైరస్‌ల సంగతీ చూశారు. అమెరికాలోని మొంటానాలో సిన్ నోంబ్రె హంటావైరస్ సోకిన మగ డీర్‌మౌస్‌ల మనుగడ 13.4 శాతం తగ్గిందని 2012లో ఇదే తరహా పద్ధతితో ఏంజెలా లూయిస్ బృందం చూపింది. ఫిన్లండ్‌లో బ్యాంక్ వోల్‌లకు పూమలా వైరస్ చలికాలంలో బతికే అవకాశం తగ్గిస్తుందని 2007లోనే ఎవా కల్లియో వాళ్లు రాశారు.

కీల్డర్ రక్తపు చుక్కల్లో వెతికింది ఒక్క కౌపాక్స్‌నే కాదు. బబేసియా, బార్టొనెల్లా, అనాప్లాస్మా అనే మూడు రకాల సూక్ష్మజీవుల కోసం కూడా చూశారు. 2010లో టెల్ఫర్, సహచరులు ‘సైన్స్’లో రాసిన ఫలితం ఇది: ఒక వోల్‌కు ఏ జబ్బు సోకుతుందో ఎక్కువగా నిర్ణయించేది దాని వయసో రుతువో కాదు, అప్పటికే దాని ఒంట్లో ఇంకే జబ్బు ఉందన్నది. కొన్ని జబ్బులు మరోదానికి తలుపు తీస్తాయి, కొన్ని అడ్డం నిలబడతాయి.