సుబ్బి శుల్కం, కాళింది కట్నం, బాలాపూర్ గజాలు

గురజాడ 'కన్యాశుల్కం' 1892లో తొలిసారి ఆడింది, 1897లో అచ్చయింది. కాళ్లకూరి నారాయణరావు 'వరవిక్రయం' 1920ల మొదట్లో వచ్చింది. మొదటిదాంట్లో పిల్లను అమ్మారు, రెండోదాంట్లో పిల్లవాణ్ని కొన్నారు అని తేడా చెప్పి చాలామంది ఊరుకుంటారు. నాకు అంతకంటే వాటి పోలికే ముఖ్యంగా కనిపిస్తుంది. శుల్కమైనా కట్నమైనా డబ్బు పెద్దల చేతుల మధ్యే తిరిగింది. 'కన్యాశుల్కం'లో సుబ్బి వెల సుబ్బికి రాదు, 'వరవిక్రయం'లో కాళింది కట్నం కాళిందికి చెందదు.

విజయనగరం మహారాజు విశాఖ జిల్లాలో లెక్క తీయిస్తే మూడేళ్లలో 1,034 శుల్క వివాహాలు తేలాయని గురజాడ పీఠికలో రాశాడు. ఆ పెళ్లికూతుళ్లలో ఏడాది పసికందులూ ఉన్నారు. తర్వాత ఇంగ్లీషు చదువు, సర్కారు కొలువు ఉన్న కుర్రాళ్లకు గిరాకీ పెరిగి ధర తిరగబడింది. ఇలాంటి మార్పును ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1981లో కుటుంబం మీద రాసిన గ్రంథం తేలిగ్గానే వివరిస్తుంది: పెళ్లి ఒక సంత, శుల్కమూ కట్నమూ అక్కడ కుదిరే ధరలు. సంత వరకూ ఆ వివరణ నిలుస్తుంది. ఇంట్లోకి వచ్చాక మాత్రం ఇంటిపెద్ద అందరి మేలూ కోరుతాడన్న నమ్మకం మీద ఆధారపడుతుంది. సుబ్బిని అమ్మజూసిన తండ్రి అగ్నిహోత్రావధానులను ఎరిగిన తెలుగు పాఠకులు ఆ మాట ఒప్పుకోలేరు.

సంబంధం చెడితే ఎవరికి ఏం మిగులుతుంది? ఇంట్లో మాట చెల్లుబాటు దాన్నిబట్టే ఉంటుందని అమర్త్య సేన్ 1990లో వాదించాడు. ఆ కొలతతో చూస్తే ఈ నాటకాలు కొత్తగా కనిపిస్తాయి. సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు ఇవ్వొద్దని తల్లి వెంకమ్మ మొత్తుకుంటుంది, భర్త వినకపోతే నూతిలో దూకుతుంది. కాళింది తన పెళ్లి ఖర్చు తండ్రిని కుంగదీయడం చూడలేక ప్రాణమే తీసుకుంటుంది. మూడు దశాబ్దాల ఎడం ఉన్న ఈ ఇద్దరికీ కాదని చెప్పడానికి చావుకు తెగించడం తప్ప మరో దారి లేకపోయింది.

దారి ఉన్న ఆడవాళ్లు కూడా ఇద్దరున్నారు. 'కన్యాశుల్కం'లోని వేశ్య మధురవాణికి సొంత సంపాదన ఉంది కాబట్టి తన కంటె కోసం తనను ఉంచుకున్న రామప్పపంతుల్ని నిలదీయగలదు, సుబ్బి పెళ్లిని చెడగొట్టే పన్నాగంలో చేయి కలపగలదు. 'వరవిక్రయం'లో కాళింది చెల్లెలు కమల మాట వేరు. కొనుక్కున్న వరుడు కొన్నవాళ్ల ఇంట్లోనే ఉండాలని ఆమె వాదించి నెగ్గుతుంది. చప్పట్లు కొట్టించే ఘట్టమే అది, కానీ ఆ ధైర్యం వెనక పుట్టింటి అండ ఉంది. అది తీసేస్తే ఆమె వాదన ఒక్క పూట నిలవదు. అందుకే గురజాడ చూపు లోతైనదంటాను. అతని లోటు కూడా చెప్పాలి: చేతిలో డబ్బున్న స్త్రీని పెళ్లి బయటే చూపించాడు. సుబ్బి అక్క, వితంతువు బుచ్చమ్మను కాపాడటానికి పుణె వితంతు శరణాలయం తప్ప అతనికి చోటు దొరకలేదు.

ఇప్పుడు నాటకాలు వదిలి హైదరాబాద్ శివారు బాలాపూర్‌కు వద్దాం. వినాయకుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2025లో 35 లక్షలకు చేరిన ఊరు. పొలాలు వెంచర్లయ్యాక ఈ వైపు సంబంధం మాట్లాడుకునేటప్పుడు "ఎంత ఇస్తరు?" వెంటే "ప్లాటు ఏడుంది, ఎన్ని గజాలు?" అన్న ప్రశ్న వస్తుంది. అసలు అడగాల్సింది దాని తర్వాతి ప్రశ్న: రిజిస్ట్రేషన్ పిల్ల పేరు మీదనా, అల్లుని పేరు మీదనా? 1961 నాటి చట్టం కట్నాన్ని నేరమంటూనే, ఎవరు పుచ్చుకున్నా మూడు నెలల్లో వధువుకు అప్పగించాలని 6వ సెక్షన్‌లో చెబుతుంది. ఆ పేరు ఎంత తేడా తెస్తుందో తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ చేసిన అధ్యయనం చూపింది. ఆస్తి లేని భార్యల్లో 49 శాతం మంది భర్త చేతి దెబ్బలు తిన్నామని చెబితే, భూమీ ఇల్లూ రెండూ తమ పేరున ఉన్నవాళ్లలో అలా చెప్పింది 7 శాతమే.

కట్నం కాక హక్కుగా రావాల్సిన భూమి సంగతి మరింత చిక్కు. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇచ్చింది. 2005లో కేంద్రం ఆ పెళ్లి షరతు లేకుండానే దేశమంతటికీ హక్కు ఇచ్చింది. అందుకే భూమి అమ్మేటప్పుడు కొనేవాడి వకీలు ఆడబిడ్డల సంతకాలు కూడా అడుగుతాడు. అన్నదమ్ములు పసుపు కుంకుమ కింద కొంత ముట్టజెప్పి, అక్కను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్తారు. తన వాటా విలువ ఆమెకు తెలియక కాదు. అడిగితే పండక్కి పిలిచేవాళ్లు ఉండరు, రేపు అత్తింట్లో గొడవైతే వచ్చి నిలబడేవాళ్లు ఉండరు. కమలకున్న అండను పోగొట్టుకోకూడదనే మధురవాణికున్నటువంటి సొంత ఆస్తిని వదులుకుంటుంది. రెండు ఆసరాల్లో ఒకటే ఎంచుకోమని తోబుట్టువులే ఆమెను నిలబెడుతున్నారు. ఈ అక్క పాత్ర రెండు నాటకాల్లోనూ లేదు. మూడో నాటకం ఆమె మీదే రావాలి.