రంగు చీర

డిసెంబరు వచ్చిందంటే తెనాలి, రేపల్లె, బాపట్ల చర్చిల్లో ఒక ప్రకటన వినిపిస్తుంది: "విధవరాండ్రకు చీరలు." తెలుగు బైబిలు నుంచి నేరుగా సంఘంలోకి వచ్చిన మాట అది. చెవికి మొరటుగా తగిలినా, వాళ్ల బాధ్యత మనదేనన్న ఒప్పుకోలు అందులో ఉంది.

ఆ బాధ్యత ఎత్తుకున్న సంస్థల్లో సాల్వేషన్ ఆర్మీ పాతది. 1865లో బూత్ దంపతులు లండన్‌లో మొదలుపెట్టారు. ఐసీఎస్ ఉద్యోగం వదిలిన ఫ్రెడరిక్ టక్కర్ 1882లో దాన్ని బొంబాయికి తెచ్చాడు. కాషాయం కట్టి ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. తర్వాత బాపట్లలో కుష్ఠు ఆసుపత్రి, నిడుబ్రోలులో మరో ఆసుపత్రి వెలిశాయి.

అయితే బాపట్ల దగ్గరి స్టూవర్టుపురాన్నీ మరవకూడదు. 1913లో అక్కడ ఎరుకల కుటుంబాల సెటిల్‌మెంటును నడపడానికి పూనుకున్నది ఈ సంస్థే. కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద, అక్కడివాళ్లు అనుమతి చీటీ లేనిదే ఊరు దాటకూడదు. పని చూపించి బడి పెట్టిన చేతిలోనే హాజరుపట్టీ కూడా ఉండేది. దేశమంతటా ఆ చట్టం 1952లో గానీ పోలేదు. ఇచ్చేవాడి చేతికి ఎంత అధికారం వస్తుందో చీరల మూట మోసే ప్రతివారూ తెలుసుకోవలసిన చరిత్ర ఇది.

ఆ సంస్థలోనే ఇంకో దారీ ఉంది. 1907లో బూత్ దంపతుల కోడలు ఫ్లారెన్స్ ప్రారంభించిన హోమ్ లీగ్‌లో స్త్రీలు వారంవారం కలుస్తారు: ప్రార్థన, చదువు, స్నేహం, సేవ. లూథరన్ సంఘాల్లో స్త్రీల సమాజమూ ఇలాంటిదే. ఏడాది పొడవునా కలిసే చోట, ఈ వారం ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో తెలుస్తుంది. క్రిస్మస్ కానుక బలం అక్కడే ఉంది.

2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వితంతువులకు, ఒంటరి మహిళలకు నెలకు 4,000 రూపాయల పింఛను అందుతోంది. చీర ఖరీదు దాని ముందు చిన్నదే. కానీ భర్త పోయిన ఆడది వెలిసిన రంగులే కట్టాలనుకునే ఊళ్లో, పండగకు ముదురు రంగు చీర అందడం చిన్న సంగతి కాదు. దాన్ని వేదిక మీద, బ్యానరు కింద, ఫొటో కోసం చేయి చాపించి ఇస్తే ఆ రంగంతా వెలిసిపోతుంది.

వరికోతలకు పోయి పొద్దుగూకాక ఇల్లు చేరే మనిషికి చీర ఇవ్వడానికి రాత్రి క్యారల్స్ వేళే అనువు. పాట అయ్యాక కుర్రాళ్లు తర్వాతి గుమ్మానికి కదులుతారు. పాస్టరమ్మ ఒక్కతే వెనక ఆగి, అరుగు మీద సంచి విప్పి మూడు చీరలు పరిస్తే చాలు. ఇంటావిడ అంచు తడిమి చూసుకుని, నచ్చినది తీసుకుంటుంది.