అమ్మలక్కల కబుర్లు, రచ్చబండ చర్చలు

నలుగురు మగవాళ్ళు చేరి లోకం సంగతులు మాట్లాడుకుంటే దాన్ని చర్చ అంటాం. అవే సంగతులు నలుగురు ఆడవాళ్ళు మాట్లాడుకుంటే అమ్మలక్కల కబుర్లు అంటాం. చోట్లు కూడా వేరే. వాళ్ళకి రచ్చబండ, కాఫీ హోటలు, లైబ్రరీ అరుగు. వీళ్ళకి పెరటి గోడ, నూతి గట్టు, కాలవ రేవు. గ్రహణం గురించైనా యుద్ధం గురించైనా అరుగు మీద పుట్టింది అభిప్రాయమైంది, రేవులో పుట్టింది పుకారైంది. మన సాహిత్య విమర్శ ఈ తేడాని ఉన్నదున్నట్టు ఒప్పుకున్నట్టే కనిపిస్తుంది. మరుగున పడిన స్త్రీల కథల్ని, కవిత్వాన్ని వెతికి తెచ్చుకున్నాం. వార్త మీద స్త్రీలు రాసిన వ్యాఖ్యని ఒక రచనా ప్రక్రియగా తీసుకుని, దాని రూపం ఏమిటి, అందులో మాట్లాడే గొంతు ఎవరిది అని అడిగిన సందర్భాలు మాత్రం చాలా తక్కువ.

అడగడానికి గోదావరి జిల్లాలకంటే మంచి చోటు లేదు. తెలుగులో స్త్రీల కోసం వచ్చిన మొదటి పత్రిక 'సతీహితబోధిని' 1883లో రాజమండ్రి నుంచే వచ్చింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు శరీరశాస్త్రం గురించి, ఖగోళం గురించి, జంతువుల స్వభావం గురించి తేలిక తెలుగులో పుస్తకాలు రాశారు. ఆడవాళ్ళకి ఈ విషయాలు తెలియాలన్న ఆయన పట్టుదలని తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఆ పత్రిక పేరు చూడండి. సతి, హితం, బోధిని. చదివే మనిషి ఎవరికో భార్య, ఆమెకి ఏది మంచిదో ముందే తేలిపోయింది, ఇక మిగిలింది బోధించడమే. ఆ పేరులో ప్రశ్నకి చోటు లేదు.

సత్తిరాజు సీతారామయ్యగారు 1902లో ఏలూరులో 'హిందూసుందరి' మొదలుపెట్టి సంపాదకత్వం స్త్రీల చేతికే ఇవ్వడంతో ఈ పరిస్థితి కొంత మారింది. భండారు అచ్చమాంబ అందులో రాసింది. కాకినాడ నుంచి పులుగుర్త లక్ష్మీనరసమాంబ 'సావిత్రి', వింజమూరి వెంకటరత్నమ్మ 'అనసూయ' నడిపారు. (ఈ పత్రికల్లో మాట్లాడింది ఎక్కువగా పై కులాల, చదువుకున్న ఇళ్ళ ఆడవాళ్ళే. పత్రిక పేరులోనే హిందూ ఉంది. నాట్లు వేస్తూ మాట్లాడుకున్న ఆడవాళ్ళ లోకజ్ఞానం ఏ సంచికలోనూ అచ్చు కాలేదు. ఈ సంగతి మర్చిపోయి వారసత్వం గురించి మురిసిపోవడం నాకు ఇష్టం లేదు.) అయినా ఒక ముఖ్యమైన పని జరిగింది. చెప్పించుకునే వాళ్ళు చెప్పేవాళ్ళయ్యారు.

ఆ మార్పుకి అందమైన రూపం ఇచ్చింది బాపట్ల కనుపర్తి వరలక్ష్మమ్మ. ఆవిడ 1919లో 'లీలావతి' పేరుతో ఆంధ్రపత్రిక వారపత్రికలో 'మా చెట్టునీడ ముచ్చట్లు' రాయడం మొదలుపెట్టింది. లోకం ఎగతాళిగా కబుర్లన్నదాన్ని ముచ్చట్లని తానే శీర్షికగా పెట్టుకోవడంలో ఎంత గడుసుతనం ఉందో చూడండి. తర్వాత 'గృహలక్ష్మి' పత్రికలో 'శారద లేఖలు' రాసింది. శారద అనే ఆమె కల్పలత అనే స్నేహితురాలికి రాసే జాబులవి. బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం, ఖద్దరు, స్త్రీల హక్కులు, ఆ కాలంలో దేశమంతా మాట్లాడుకున్నవన్నీ ఆ జాబుల్లోకి వచ్చాయి.

ఇక్కడ జాబు అన్న రూపమే అసలు విషయం. జాబుకి అటువైపు ఒక మనిషి ఉంటుంది. ఆమె ఒప్పుకోకపోవచ్చు, 'ఇది నీకెలా తెలిసింది?' అనవచ్చు. అందుకని రాసే ఆమె వార్తని విసిరేసి పోలేదు. తనకి ఎందుకు ముఖ్యమనిపించిందో చెప్పాలి, తన మాటకి తాను పూచీ పడాలి. మన విమర్శకులు వ్యాసం అంటే మగవాళ్ళ ఉపన్యాసపు గొంతునే గీటురాయిగా పెట్టుకోవడంతో, ఈ జాబుల్ని చాలాకాలం ఆడవాళ్ళ పేజీల లెక్కలో వేసి వదిలేశారు.

మాలతీ చందూర్‌కీ ఇదే జరిగింది. నూజివీడులో పుట్టి ఏలూరులో చదువుకున్న ఆవిడ 1952 నుంచి ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికని దాదాపు అర్ధశతాబ్దం నడిపింది. ఆ పేరు చెబితే చాలామందికి వంటలు, కుట్లు గుర్తొస్తాయి. పాఠకులు అడిగిన ప్రశ్నలకి ఆవిడ ఇచ్చిన జవాబులు ఎందుకు గుర్తు రావు? ఒంటి సంగతి నుంచి ప్రపంచ రాజకీయం దాకా అడిగేవాళ్ళు. కార్డు మీద ప్రశ్న రాయడమంటే నాకిది తెలియదు అని ఒప్పుకోవడం, తెలుసుకునే హక్కు నాకుంది అని చెప్పడం కూడా. 'హృదయనేత్రి' నవలకి 1992లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది కాబట్టి నవలాకారిణిగా ఆవిడకి చోటు దొరికింది. ఆ జవాబులకి సాహిత్య చరిత్రలో ఇంకా దొరకలేదు.

సైన్సు సంగతికి ఇలా ఏదో ఒక దారి దొరికింది గానీ యుద్ధం సంగతి వచ్చేసరికి నిశ్శబ్దమే ఎక్కువ. 1942 ఏప్రిల్ 6న 'ర్యూజో' అనే జపాను విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. యుద్ధ చరిత్రలు తిరగేస్తే ఓడల పేర్లు, విమానాల లెక్క దొరుకుతాయి. ఆ రాత్రి పిల్లల్ని ఏ ఊరి చుట్టాలింటికి పంపాలో ఎవరు తేల్చుకున్నారు, ఉన్న బియ్యం ఎన్నాళ్ళొస్తాయని ఎవరు లెక్క చూసుకున్నారు అన్నది ఆ పుటల్లో ఉండదు. భారత రక్షణ నిబంధనల కింద అప్పుడు జనాన్ని భయపెట్టే మాట చెప్పడం శిక్షించదగ్గ నేరం. ఒకవైపు పత్రికల మీద సెన్సారు, ఇంకోవైపు నోటిమాట నేరం. కాకినాడలో ఒక గృహిణి 'మళ్ళీ వస్తారట, నిజమేనా?' అని పక్కింటావిడని అడిగితే అది పుకారు కిందికి వస్తుంది. ఆమె అడిగింది మాత్రం ప్రశ్న.

ఇప్పుడు వార్తకి కరువు లేదు. చేతిలోనే ఉంది, నిమిషానికొకటి వస్తోంది. మరి అడిగే చోటు పెరిగిందా?

గ్రహణం సంగతే తీసుకుందాం. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరు నుంచి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ పరిశీలించాడు, హీలియం కథ ఆ గ్రహణంతోనే మొదలైంది. అంత చరిత్ర ఉన్న తెలుగునేల మీద, 2025 సెప్టెంబరు 7 రాత్రి చంద్రగ్రహణానికి వాట్సాప్‌లో ఎక్కువగా తిరిగింది గర్భిణులకి జాగ్రత్తల జాబితా. కత్తిపీట ముట్టుకోకూడదు, కదలకుండా పడుకోవాలి, లేకపోతే బిడ్డకి గ్రహణం మొర్రి వస్తుంది. పిండానికి పై పెదవి ఏర్పడేది నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య. అంగిలి ఏర్పడేది ఆరో వారం నుంచి తొమ్మిదో వారం లోపల. చాలామందికి నెల తప్పిందని రూఢి అయ్యేసరికే పెదవి పని సగం అయిపోయి ఉంటుంది. ఏడో నెల గర్భిణి ఆ రాత్రి వంకాయ తరిగినా తరగకపోయినా బిడ్డ పెదవికి ఒరిగేదీ లేదు, తరిగేదీ లేదు. ఈ నాలుగు ముక్కలు ఏ ఫార్వర్డులోనూ నాకు కనబడలేదు. ఇది ఉత్త తెలివితక్కువ సంగతి కాదు. మొర్రితో బిడ్డ పుడితే 'ఆ రోజు ఏం ముట్టుకున్నావు?' అని అడిగేది తల్లినే. జాగ్రత్తల జాబితా నిజానికి ముందే రాసిపెట్టుకున్న నేరారోపణ పత్రం. 1883 నాటి బోధనే మళ్ళీ వచ్చింది, వీరేశలింగంగారి హేతువు లేకుండా.

సైన్సు వార్తలో స్త్రీ వచ్చినా బొమ్మగానే వస్తోంది. 2014 సెప్టెంబరు 24న మంగళయాన్ అంగారక కక్ష్యలో చేరిన రోజు, పట్టుచీరలతో, తలలో పూలతో నవ్వుతున్న ఇస్రో ఉద్యోగినుల ఫొటో ప్రపంచమంతా తిరిగింది. వాళ్ళు పరిపాలనా విభాగం ఉద్యోగినులని ఇస్రో తర్వాత చెప్పింది. ఆ సంతోషంలో వాళ్ళకీ వాటా ఉంది, అందులో తప్పేం లేదు. అదే ప్రయోగంలో పనిచేసిన నందినీ హరినాథ్, రీతూ కరిధాల్ ఏం లెక్క కట్టారో అడగడం కంటే ఆ చీరల్ని మెచ్చుకోవడం తేలికైంది. సైన్సు చేస్తూ కూడా సంప్రదాయం వదల్లేదన్నది ఆ ఫొటో కింద చేరిన మెప్పు. మగ శాస్త్రవేత్తల పంచె గురించి ఎవరూ అలా రాయరు.

మా టీచర్ల గ్రూపులో ఒక నియమం ఉంది, రాజకీయాలు వద్దు అని. గ్రహణం జాబితా రాజకీయం కాదు, ఆచారం. యుద్ధం వీడియో రాజకీయం కాదు, దేశభక్తి. 2025 మే నెలలో భారత్, పాకిస్తాన్‌ల మధ్య దాడులు జరిగిన రోజుల్లో 'ఆర్మా 3' అనే వీడియో గేమ్ దృశ్యాలు నిజం యుద్ధంగా దేశమంతా తిరిగాయి. 2020 ఆగస్టులో బేరూత్ రేవులో జరిగిన పేలుడు కూడా ఆ రోజుల్లో క్షిపణి దాడిగా తిరిగింది. మా గ్రూపు నియమం ప్రకారం పంపడం రాజకీయం కాదు, 'ఇది నిజమేనా?' అని అడగడం రాజకీయం.

ఆ యుద్ధానికి పెట్టిన పేరే సిందూర్. ఆడదాని నుదుటి గుర్తు సైనిక చర్యకి పేరైంది. ఆ చర్య వివరాలు పత్రికలవాళ్ళకి చెప్పడానికి ఇద్దరు మహిళా అధికారులు వచ్చారు. స్త్రీ గుర్తుగా ఉంది, ప్రతినిధిగా ఉంది. సొంతంగా ఒక వాక్యం పలికినప్పుడు ఏమైందో పహల్గామ్‌లో ఏప్రిల్ 22న చనిపోయిన నౌకాదళ అధికారి భార్య విషయంలో చూశాం. శవం పక్కన కూర్చున్న ఆమె ఫొటోని దేశం గుండెలకి హత్తుకుంది. పది రోజుల తర్వాత ఆమె ముస్లింల మీద, కశ్మీరీల మీద ద్వేషం వద్దని, తమకి శాంతి కావాలని, న్యాయమూ కావాలని అంది. ఆ రోజు నుంచి ఆమె చదువు దగ్గర్నుంచి శీలం దాకా బురద చల్లారు. చివరికి జాతీయ మహిళా కమిషన్ ఖండించాల్సి వచ్చింది.

విమర్శకురాలిగా నాకు ఆ వాక్యం నిర్మాణమే విలువైంది. శాంతినీ న్యాయాన్నీ ఆమె ఒకదానికొకటి ఎదురు పెట్టలేదు, ఒకే ఊపిరిలో రెండూ అడిగింది. తిట్టినవాళ్ళకి మొదటిది మాత్రమే వినిపించింది. మెచ్చుకున్నవాళ్ళలో కొందరికీ అంతే. కనుపర్తి వరలక్ష్మమ్మ జాబుల్లో ఉన్నలాంటి పూచీ పడే వ్యాఖ్య అది. దాన్ని వ్యాఖ్యగా చదివిన పత్రిక నాకు కనిపించలేదు.

ఆ మాటల్ని తెలుగులోకి మార్చి మా గ్రూపులో పెట్టాను. రెండు నిమిషాల్లో 'మేడమ్, రాజకీయాలు వద్దనుకున్నాం కదా' అని వచ్చింది. ఆ సాయంత్రం నలుగురు టీచర్లు నాకు విడిగా రాశారు, ఆ అమ్మాయి బాగా చెప్పిందని. గ్రూపులో మాత్రం ఎవరూ రాయలేదు.