'వీలైనంత వరకు' అంటే ఎంతవరకు?

మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయొద్దని 2025 జులై 25న సుప్రీంకోర్టు విద్యాసంస్థలకి, ముఖ్యంగా కోచింగ్ సెంటర్లకి చెప్పింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉండగా 2023లో చనిపోయిన విద్యార్థిని తండ్రి వేసిన కేసులో వచ్చిన తీర్పు ఇది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, వికలాంగ విద్యార్థులతో వివక్ష లేకుండా మెలిగేలా సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని కూడా అంది. మంచిదే. కానీ విభజన గురించిన వాక్యంలో 'వీలైనంత వరకు' అన్న అర్థం వచ్చే మాట ఉంది. ఆ విభజనే వ్యాపారమైన చోట వీలు ఎవరిది?

విజయవాడ చుట్టుపక్కల, పోరంకి నుంచి గూడవల్లి దాకా, హాస్టల్ కాలేజీల పద్ధతి అందరికీ తెలిసిందే. వరసగా పరీక్షలు, మార్కుల్ని బట్టి సెక్షన్లు. పేరున్న లెక్చరర్లు స్టార్ బ్యాచ్‌కి. ఫీజు కట్టేది అందరూ, పేపర్లో ఫోటో పడేది కొందరిది.

ఆ పరీక్ష కొలిచేది తెలివినేనా? ఆరో తరగతి నుంచీ ఐఐటీ ఫౌండేషన్ చదివిన పిల్లాడూ, దివిసీమ జెడ్పీ హైస్కూల్లో పది పాసైన కూలోళ్ల పిల్లా ఒకే పేపరు రాస్తారు. తేడా ఆ చదువు కొనగలిగిన భూమిలో ఉంది. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక మాగాణి ఎవరి చేతిలో ఉందో, కూలి ఎవరికి మిగిలిందో చెప్పనక్కర్లేదు. ఆ మాగాణి మిగులే తర్వాత సినిమాల్లోకి, కాలేజీల్లోకి పోయింది. కాలవ నీళ్లు అందక శివారు చేలు ఎండితే భూమిది తప్పనం. మరి కింది సెక్షన్ పిల్లని 'డల్' అని ఎట్లా అంటున్నాం? సెక్షన్ గుమ్మం మీద కులం పేరు రాయరు. రాయాల్సిన పనే లేదు.

అమెరికాలో నల్లజాతి, పేద పిల్లలు కింది సెక్షన్లలోనే ఎక్కువగా ఉంటారని, అక్కడ చెప్పే పాఠమే తక్కువరకమని జీనీ ఓక్స్ 1985లోనే 'కీపింగ్ ట్రాక్' పుస్తకంలో చూపించింది. పిల్లలు వెనకబడ్డారని పాఠం తగ్గిస్తారు. పాఠం తగ్గింది కాబట్టి వాళ్లు ముందుకి రారు.

అందరూ ఒకేలా నేర్చుకోరు కదా అని టీచర్లు అడుగుతారు. నిజమే. చదవడం రానివాళ్లని రోజుకో గంట విడిగా కూర్చోబెట్టి నేర్పి, మళ్లీ అందరిలో కలపడం బోధన. ఏడాదంతా వేరే గది, వేరే మాస్టారు, వేరే పేరు అంటే వెలి.

ఈ ప్రశ్న మనల్నీ వదలదు. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లల్లోంచి పరీక్ష పెట్టి ఏరినవాళ్ల కోసం ఈడుపుగల్లు లాంటిచోట్ల ఐఐటీ-నీట్ అకాడమీలు పెట్టారు. మన పిల్లలు ఐఐటీలకి వెళ్లడం గర్వమే. ఏరగా మిగిలినవాళ్ల సంగతేంటి? పై సెక్షన్లో మనకీ నాలుగు కుర్చీలు అడిగి ఊరుకుంటే ఆ వడపోతకి మనమూ ఒప్పుకున్నట్టే.

'వీలైనంత వరకు' అన్న వెసులుబాటు లేకుండా ప్రభుత్వం చట్టం చెయ్యాలి. ప్రతి కాలేజీలో ఏ సెక్షన్లో ఏ కులాల పిల్లలు ఎందరున్నారో, ఎంత అనుభవమున్న లెక్చరర్లు చెబుతున్నారో లెక్కలు బయటపెట్టాలి. కాలేజీలు తెరిచే జూన్‌లోనే ఆ లెక్కలు అడగడం మన విద్యార్థి సంఘాలు మొదలుపెట్టొచ్చు.