పానా పట్టేముందు

విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ కార్లు చూసే ఒక మేస్త్రి పనితనం గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఈజీఆర్ వాల్వ్ కంప్లయింటు వచ్చినప్పుడు ఆయన్ని చూడాలి. పికప్ లేదు, ఐడిలింగ్‌లో బండి వణుకుతోంది, తొక్కితే నల్లపొగ. స్కానర్ పెడితే పీ0402 కోడ్. చాలా షెడ్లలో మాట అక్కడితో తేలిపోతుంది: వాల్వ్ మార్చెయ్యండి. ఆయన అప్పటికింకా పానా ముట్టుకోడు.

సైలెన్సర్ వైపు పోయే పొగలో కొంత ఈ వాల్వ్ గుండా మళ్లీ ఇంజిన్‌లోకే వెళ్తుంది. ఆ పొగలో ఆక్సిజన్ తక్కువ, వేడిని పీల్చుకునే గుణం ఎక్కువ. దాంతో సిలిండర్‌లో మంట వేడి తగ్గి నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా పుడతాయి. అయితే పొగలోని మసికి బ్రీదర్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి తోడై, తారులా పేరుకుని వాల్వ్‌ని పూర్తిగా మూసుకోనివ్వదు.

పీ0402 అంటే తిరిగొచ్చే పొగ ఎక్కువైందని. చాలా బండ్లలో కంప్యూటర్ ఆ పొగని నేరుగా కొలవదు. తాజా గాలి లెక్క తగ్గితే ఆ లోటు పొగతో నిండిందనుకుంటుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, గాలిని కొలిచే మాఫ్ సెన్సర్‌కి మురికి పట్టినా లెక్క తగ్గేదే. అందుకే ముందు ఆ రెండూ చూస్తాడు. తర్వాత ఐడిలింగ్‌లో స్కానర్‌తోనే వాల్వ్‌ని మూయించి, గాలి అంకె మీద కన్నేస్తాడు. ఉదాహరణకి 1248 సీసీ ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లు, ఒక్కోదానికి 312 సీసీ. సీసీ గాలి బరువు దాదాపు 1.2 మిల్లీగ్రాములు. తరుగు తీసేసినా స్ట్రోకుకి 300 దరిదాపుల్లో కనబడాలి. 220 దగ్గరే ఆగిపోయిందంటే అనుమానం బలపడినట్టే.

అప్పుడు పైపు జాయింటులో పలచని రేకు పెట్టి దారి మూస్తాడు. అంకె లేచి వణుకు ఆగిందా, తప్పు వాల్వ్‌దే. లేవలేదా, వెతకాల్సింది ఇంకోచోట. చూడటం అవగానే రేకు తీసేస్తాడు. అదే రేకుని శాశ్వతంగా బిగించి పంపేవాళ్లున్నారు. ఊరందరూ పీల్చే గాలిని పాడుచేసే ఆ పనిని నేను రిపేరు అనలేను.

వాల్వ్ విప్పాక చేతులు నెమ్మదిస్తాయి. క్లీనర్ వాల్వ్‌ని నడిపే మోటారులోకి దిగకుండా మోటారు వైపు పైకి పట్టుకుంటాడు. తడిపి, నాననిచ్చి, మెత్తటి బ్రష్‌తో మసి వదిలిస్తాడు. వాల్వ్ మూసుకుని ఆనే సీటు దగ్గర స్క్రూడ్రైవర్ పెట్టనే పెట్టడు, గీత పడితే లీకు ఖాయం. ఆరాక వాల్వ్ మూసి, పైన కాస్త డీజిల్ పోసి కిందికి వంగి చూస్తాడు. కారిందంటే పని మళ్లీ మొదటికొస్తుంది. ఎవరూ అడగని, బిల్లులోకి ఎక్కని ఈ పరీక్ష దగ్గరే ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

కొత్త గాస్కెట్ వేసి, మూసుకునే స్థానాన్ని స్కానర్‌తో మళ్లీ నేర్పించి, ఇంజిన్ వేడెక్కాక అదే అంకె ఇంకోసారి చూస్తాడు. అప్పటికీ తాళం చేతికివ్వడు. మసికి తోడయ్యే ఆయిల్ ఎక్కణ్ణుంచి వస్తోందో తేలాలి. "ఆయిల్ తగ్గుతోందా అండీ?" అని ఓనరుని అడుగుతాడు. అవునంటే టర్బో గొట్టం విప్పి, లోపల వేలు పెట్టి తడి చూస్తాడు.