నాటకం ఎన్నింటికి?

హైదరాబాదులో నాటకం చూద్దామనుకునేవాడికి కరువు నాటకాలది కాదు, కబురుది. పేపర్లో 'నేడు నగరంలో' అన్న శీర్షిక కింద అరంగుళం జాగాలో ఒక వాక్యం ఉంటుంది: సాయంత్రం 6 గంటలకు రవీంద్రభారతిలో పౌరాణిక నాటక ప్రదర్శన. ఏ నాటకమో చెప్పరు, ఆడే సమాజం పేరు వేయరు. ముఖ్య అతిథి, సభాధ్యక్షులు, ఆత్మీయ అతిథుల పేర్లు మాత్రం హోదాలతో సహా ఉంటాయి. అదే బంజారాహిల్స్ లామకాన్‌లో ఆడే నాటకం కబురైతే ఫోన్లోకి వస్తుంది. నాటకం పేరు, దర్శకుడు, భాష, నిడివి, టికెట్ ధర, ఎన్నేళ్లు నిండిన పిల్లల్ని తీసుకురావచ్చో కూడా అందులో ఉంటుంది. ఈ రెండు కబుర్లూ చేరే మనుషులు నాకు బహు తక్కువగా తగులుతారు. ఊళ్లో ఇన్ని రకాల నాటకాలుండి, ఒక్కో రకానికి దాని జనం దానికే ఉండిపోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడని సంగతి.

రకాలంటే మామూలు రకాలు కావు. ఒకే వారంలో ఒకచోట హరిశ్చంద్ర కాటి సీను, ఇంకోచోట మాయాబజారు, వేరేచోట బాదల్ సర్కార్ నాటకం, మరోచోట దక్కనీ హాస్యం దొరికే ఊరు మనది. కాచిగూడ వైపు మరాఠీ, కన్నడ నాటకాలు ఆడుకుంటారు, బెంగాలీలకు వాళ్ల బృందాలున్నాయి. ఇవన్నీ చూడాలంటే ఒక చిన్న విద్య అలవడాలి. ఏ నాటకానికి ఎక్కడ కూర్చోవాలి, ఏం తిని వెళ్లాలి, ఎప్పుడు చప్పట్లు కొట్టాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్నవి రకానికీ రకానికీ మారిపోతాయి.

పద్యనాటకానికి నేను వెనక వరసల్లో, వయసు మళ్లిన వాళ్ల మధ్య కూర్చుంటాను. విజ్ఞులంతా అక్కడే ఉంటారు. ముందు వరసల్లో ఉండేది అతిథులు, వాళ్ల కుటుంబాలు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడుతున్నారనుకోండి, పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు వస్తారు. కొత్తవాళ్లు కంగారుపడతారు. ఇందాకటి కృష్ణుడు సన్నగా ఉన్నాడే, ఈయనెవరు అని. వెనక వరసలో ఆ సందేహం రాదు. వాళ్లు చూసేది కృష్ణుణ్ణి కాదు, ఒకటో కృష్ణుణ్ణి, రెండో కృష్ణుణ్ణి. బెజవాడ దగ్గర నుంచి కొడుకు ఇంటికొచ్చిన ఒక పెద్దాయన ఒకసారి నా పక్క సీట్లో ఉన్నారు. నాటకం చాలా వరకు కళ్లు మూసుకునే విన్నారు. విరామంలో తీర్పు చెప్పారు: "మొదటాయనది గాత్రమండీ, రెండో ఆయనది దమ్ము. ఎత్తుగడ చూశారా, హార్మోనీ ఆయన అందుకోడానికి తడుముకున్నాడు." పాతతరం కృష్ణులు పీసపాటి వారినీ, షణ్ముఖి వారినీ విన్న చెవులు అవి. వాటి పక్కన కూర్చోవడం కూడా నాకొక చదువే.

ఆ ఎత్తుగడ ఎలా ఉంటుందో దగ్గర్నుంచి వింటే గాని తెలియదు. నటుడు వచనం చెబుతూ చెబుతూ చివరి మాటను కాస్త సాగదీస్తాడు. ఆ సాగదీతలోనే శ్రుతి ఉంటుంది. పక్కన హార్మోనియం వాయించే ఆయన వేలు అప్పటికే మెట్టు మీద ఉంటుంది. వచనం ఎక్కడ ఆగిందో, పద్యం ఎక్కడ మొదలైందో తెలియకుండా అతుక్కుపోవాలి. పద్యం ఆఖరి పాదంలో రాగం తీస్తుంటే, అది పూర్తికాక ముందే జనం చప్పట్లు మొదలుపెడతారు. చప్పట్లు పెరిగేకొద్దీ ఆయన రాగం పెంచుతాడు. వన్స్‌మోర్ పడితే పద్యం మళ్లీ మొదటికొస్తుంది. చచ్చిపోయిన లోహితాస్యుణ్ణి ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్న చంద్రమతి అయినా సరే, కళ్లు తుడుచుకుని మళ్లీ ఎత్తుకోవాల్సిందే. దీన్ని చూసి నవ్వే ఆధునికులున్నారు. నవ్వనివ్వండి. పద్యనాటకంలో కథ అందరికీ తెలిసిందే. తెలియనిదల్లా ఆ రాత్రి ఆ గొంతు ఎంతదూరం వెళుతుందన్నదే.

పద్యనాటకం మారదంటారు గాని అదీ నిజం కాదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్ర కాటి సీనులో జాషువా 'శ్మశానవాటిక' పద్యాలు వచ్చి చేరాయి. నాటకకర్త రాసినవి కావు, నటులు తెచ్చి కలిపినవి. ఇప్పుడు అవి లేకుండా కాటి సీను ఆడితే జనం ఒప్పుకోరు. రచయిత పుస్తకాన్ని నటులూ ప్రేక్షకులూ కలిసి తిరగరాసుకున్నారు. ఇంతకంటే ప్రయోగాత్మక నాటకం ఇంకేం కావాలి?

సురభి కుటుంబాలు ఆడే నాటకానికి సీటు మార్చాలి. మరీ ముందు కూర్చుంటే తీగలు కనిపిస్తాయి, మరీ వెనకైతే లడ్డూలు కనిపించవు. మధ్య వరసలు మంచివి, పక్కన చిన్నపిల్లలుంటే ఇంకా మంచిది. మాయాబజారులో ఘటోత్కచుడు కూర్చుని నోరు తెరిస్తే పళ్లెంలోంచి లడ్డూలు వాటంతట అవే లేచి వచ్చి నోట్లో పడతాయి. యుద్ధం సీనులో రెండు వైపుల నుంచి వచ్చిన బాణాలు నడిమధ్య ఢీకొని నిప్పులు కక్కుతాయి. కంప్యూటర్ గ్రాఫిక్స్ రోజూ చూసే పిల్లలు కూడా దీనికి సీట్లోంచి లేచి నిలబడతారు. సినిమాలో ఎలాగూ ఏదైనా చేస్తారు, కళ్లెదుట చేయడం వేరు కదా.

ఆ తెర వెనక కాసేపు నిలబడే అవకాశం నాకు దొరికింది. మాయ అంతా తాళ్లు, కప్పీలు, నల్లటి దారాలు, దీపం ఏ క్షణాన తగ్గాలో తెలిసిన చేయి. ఒక అంకంలో మహారాజు కిరీటం తీసి పక్కన పెట్టి వచ్చి తాడు పట్టుకున్నాడు. తాడు లాగేటప్పుడు ఆయన వేదిక వైపు చూడను కూడా లేదు, డైలాగు విని లాగాడు. అవతల బాణం కదిలింది. కడప జిల్లా సురభిలో 1885లో 'కీచకవధ'తో మొదలైన కుటుంబాలివి. అంతకుముందు వాళ్లది తోలుబొమ్మలాట. దారం పట్టి బొమ్మను ఆడించిన చేతులకు దారం పట్టి లడ్డూను ఆడించడం పెద్ద లెక్క కాదనిపించింది. పిల్లలు బాలకృష్ణుడితోనో, లవకుశులతోనో వేషం మొదలుపెడతారు. పెద్దయ్యేకొద్దీ పాత్రలూ పెద్దవవుతాయి.

సురభి అంటే పాతకాలపు ముచ్చట అనుకునేవాళ్లకు ఒక మాట. 1990ల్లో దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి ఈ నటులతోనే 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీదేవత యాదమ్మ' చేయించారు. మూడోది జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ నాటకానికి తెలుగు రూపం. బ్రెహ్ట్ కావాలంటే ఇంగ్లీషు నాటకానికే పోనక్కర్లేదన్నమాట.

ఇక పరిషత్తుల్లో పోటీకి ఆడే నాటకాలు. వీటిని గురించి నాకు ప్రేమా విసుగూ రెండూ ఉన్నాయి. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలైన దగ్గర్నుంచి తెలుగు సాంఘిక నాటకాన్ని బతికించింది పోటీలే. ఉద్యోగాలు చేసుకునే మనుషులు రాత్రిళ్లు రిహార్సల్స్ వేసుకుని, సెట్టు వ్యానుకెక్కించుకుని, ఊరూరూ తిరిగి ఆడతారు. ఒక నాటిక అయిపోయాక తెర వేసిన కాసేపటికే మధ్యతరగతి ఇల్లు పోయి పల్లెటూరి రచ్చబండ వచ్చేస్తుంది. ఆ చాకచక్యానికి ఎవరూ బహుమతి ఇవ్వరు, ఇవ్వాలి. ఉదయం నాటికలో తల్లిగా ఏడిపించిన నటి సాయంత్రం వేరే సమాజం తరఫున గయ్యాళి కోడలై దిగుతుంది. రెండు ఇళ్ల గొడవలూ కలగాపులగం కాకుండా ఆమె ఎలా గుర్తుపెట్టుకుంటుందో నాకు అంతుపట్టదు.

విసుగెక్కడంటే, కథల్లో. అమెరికా కొడుకు, వృద్ధాశ్రమం, రైతు అప్పు, చివర్లో ఒక చావు. న్యాయనిర్ణేతల కళ్లు చెమ్మగిల్లితే గాని మార్కులు పడవని రచయితలు ఎప్పుడో తేల్చేసుకున్నట్టున్నారు. నటులు కూడా వేలాడే మైకు కింద చేరి ప్రేక్షకుల వైపు తిరిగి మాట్లాడతారు. భార్యతో అనాల్సిన మాట పదో వరుసలో ఉన్న నాకు చెబుతారు. ఈ నాటకం బతుకు పోటీ పెట్టిన భిక్షే గాని, దానికి సంకెల వేసిందీ ఆ పోటీయే. అయినా ఒక పరిషత్తులో వరసగా చూసే నాటికల్లో ఒక్కటైనా కుర్చీ అంచుకు లాగుతుంది. ఆ ఒక్కటి ఏదో ముందు తెలియదు కాబట్టి అన్నీ చూడాలి.

లామకాన్ వేరే లోకం. 2010లో మొదలైంది. ఒక ఇంటి ఆవరణ, పక్కనే పెద్ద బండ, ఆకాశం, చౌకగా చాయ్ సమోసా. వేదికకూ ప్రేక్షకుడికీ మధ్య రెండు బారల దూరం. అక్కడ నటుడు గొంతు పెంచితే వెకిలిగా ఉంటుంది, కనుబొమ్మ కదిపితే చాలు. హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు నాటకాలు ఎక్కువ, తెలుగు అప్పుడప్పుడు. చెప్పిన వేళకు మొదలవుతాయి. చాయ్ కోసం తచ్చాడినవాడు మొదటి సీను పోగొట్టుకుంటాడు.

ఉర్దూ అనగానే గోల్కొండ కోటలో ఖాదర్ అలీ బేగ్ ఫౌండేషన్ వాళ్లు ఆడిన కులీ కుతుబ్‌షా నాటకం చాలామందికి గుర్తొస్తుంది. గుర్రాలు, దీపాలు, కోట గోడలు. నాకు అంతకంటే ముందు గుర్తొచ్చేది బబ్బన్ ఖాన్ 'అద్రక్ కే పంజే'. 1965లో ఈ ఊళ్లో పుట్టింది. చాలని జీతం, చాలించని సంతానం ఉన్న గుమాస్తా కథ, అచ్చమైన దక్కనీలో. వేల ప్రదర్శనలతో గిన్నిస్ పుస్తకమెక్కింది. మన పక్క వీధిలో మాట్లాడే యాస లోకమంతా తిరిగొచ్చిందంటే తెలుగు నాటకాభిమానుల్లో సగంమంది నమ్మరు. అటు లామకాన్ కుర్రాళ్లతో మాట్లాడితే "తెలుగులో థియేటర్ లేదు కదా సార్" అంటారు. రవీంద్రభారతి అక్కడికి ఎన్ని కిలోమీటర్లని!

ఇందులో కుర్రాళ్ల తప్పు సగమే. మిగతా సగం మన సభలది. ఆరు గంటలకని రాస్తారు. ఆరుంబావుకు జ్యోతి ప్రజ్వలన. ఆ తర్వాత అధ్యక్షోపన్యాసం, శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు, ఆలస్యంగా వచ్చిన అతిథి కోసం మళ్లీ ఇంకో శాలువా. లోపల గ్రీన్‌రూంలో దుర్యోధనుడు అతికించిన మీసం కింద చెమట తుడుచుకుంటూ కూర్చుంటాడు. ఎనిమిదింటికి తెర లేస్తుంది. తొమ్మిదిన్నరకు జనం మెట్రో వేళ చూసుకోవడం మొదలుపెడతారు. అప్పుడు నిర్వాహకుడు తెర పక్కన నిలబడి వేళ్లతో కత్తెర గుర్తు చూపిస్తాడు, ఒక సీను ఎగిరిపోతుంది. కోసేది ఉపన్యాసాన్ని కాదు, నాటకాన్ని! ప్రవేశం ఉచితం కాబట్టి అడిగే నాథుడుండడు. రెండొందలు పెట్టి టికెట్టు కొన్నవాడు గడియారం చూస్తాడు, నిలదీస్తాడు. అందుకే తెలుగు నాటకానికి టికెట్టు పెట్టాలనేవాళ్ల పక్షం నాది. యాభై రూపాయలైనా సరే. డబ్బుకోసం కాదు, వేళకోసం.

నిర్వాహకులకు నా విన్నపం చిన్నది. సన్మానాలు మానమనను, నాటకం అయ్యాక పెట్టుకోండి. అభిమానం ఉన్నవాళ్లు ఉంటారు. ఆహ్వానపత్రంలో అతిథుల పేర్ల పైన నాటకం పేరు, రచయిత, దర్శకుడు, నిడివి, తెర లేచే వేళ వేయండి. పాఠకులు కూడా ఒక పని చేయాలి. ఈసారి పేపర్లో నాటకం కబురు కనిపిస్తే, కింద ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి "సభ సరేనండీ, నాటకం ఎన్నింటికి?" అని అడగండి.